బొట్టు పెట్టి పిలిచిన స్టార్టప్

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలమేమీ కాదు, అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేశాక, నాకు ఉద్యోగం వచ్చింది. మిగతావాళ్లకు ఇరవైల్లో జరిగేవన్నీ నాకు అరవై దగ్గరపడ్డాకే జరిగాయి. యాభై దాటాక మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దాను (అది నాకంటే ముందు ఒత్తులు నేర్చేసుకుని నన్ను వెక్కిరించింది). ఆ తరువాత కొన్నేళ్లకు ఉద్యోగం. కాబట్టి కుర్రతనం గురించి రాయమంటే నేను అక్కణ్ణించే రాయాలి. అంతకు ముందు నాకు కుర్రతనం ఉన్నట్టు గుర్తులేదు, వరినాట్లు మాత్రం గుర్తున్నాయి.

ఉద్యోగం ఇచ్చింది నా మేనకోడలు బుజ్జి. హైదరాబాదులో బంగారంలాంటి ఉద్యోగం మానేసి, విజయవాడలో ఓ గది అద్దెకు తీసుకుని, స్టార్టప్ అంటూ కూర్చుంది. "అత్తా, సాయంత్రం ఖాళీగా ఉన్నవాళ్లు మా యాప్ తెరిస్తే చుట్టుపక్కల ఏం చూడొచ్చో, ఏం ఆడొచ్చో, ఏం నేర్చుకోవచ్చో కనపడుద్ది" అంది. "ఖాళీగా ఉన్నోడు ఖాళీగా ఉండొచ్చుగా, ఫోన్ని అడగడమెందుకే?" అన్నాను. ఆ ప్రశ్న అందరూ అడిగారట. అయినా నన్ను చేర్చుకుంది. మా పామర్రు నుంచి చల్లపల్లి దాకా బస్సుల్లో తిరిగి, ఎక్కడ వాలీబాల్ ఆడుతున్నారు, ఎక్కడ కోలాటం నేర్పుతున్నారు, ఏ గుళ్లో హరికథ ఉంది అని కనుక్కుని దానికి చెప్పడం నా పని. బస్సులో పక్కసీటు ఆవిడ "ఎక్కడికండీ?" అంటే "ఆఫీసు పని" అనేదాన్ని. ఆ మాట అనడానికే సగం ఊళ్లు తిరిగాను.

ఆ వేసవిలో డబ్బు పెడతాననే మనిషి దొరికాడు. కుర్రాడే, బుజ్జి కంటే రెండుమూడేళ్లు పెద్దేమో. కళ్లజోడు, ఇస్త్రీ చొక్కా. బుజ్జి తెరమీద చూపించిన బొమ్మలన్నీ చూసి, "ఇవన్నీ బాగానే ఉన్నాయండీ, మీ యాప్ వల్ల జనం ఒకచోటికి రావడం నా కళ్లతో చూడాలి" అన్నాడట. సరేనని బుజ్జి, శనివారం సాయంత్రం కూచిపూడిలో నాట్యం మాస్టారి ఇంటి ముందు పిల్లల సాధన ఉంటుందనీ, ఎవరైనా వచ్చి చూడొచ్చనీ యాప్‌లో పెట్టింది. జనం వస్తే కంపెనీ నిలబడుతుంది. రాకపోతే గది ఖాళీ చేసి పాత ఉద్యోగానికి పోవాలి. ఆ వారమంతా దానికి అన్నం సహించలేదు.

నేను మా వీధిలో వాకబు చేశాను. యాప్ అందరి ఫోన్లలోనూ ఉంది (నేనే దగ్గరుండి పెట్టించాను). "చూశావా శనివారం సంగతి?" అని ఎదురింటామెను అడిగితే, "చూశాను వదినా, బాగుంది" అంది. "మరి వస్తున్నావా?" "నేనెందుకొస్తానూ, నన్నెవరు పిలిచారు?" అంది. పక్కింట్లోనూ అదే మాట. ఫోను చూపించింది గానీ పిలవలేదు, పిలవని చోటికి ఎట్లా వెళతామన్నారు. నాకు న్యాయంగానే తోచింది. ఇంటికొచ్చి కుంకుమ భరిణె తీశాను.

రెండు రోజులు ఎండలో వీధి వీధీ తిరిగి బొట్టు పెట్టి పిలిచాను. టైలరు సాయిబుగారి భార్య, "నాకు బొట్టెందుకక్కా, చెయ్యి పట్టుకుని పిలువు, చాలు" అంది. అలాగే పిలిచాను. "ఏంటి విశేషం?" అని అడిగినవాళ్లకు "మా బుజ్జి పని, మీరు రావాలంతే" అన్నాను. బుజ్జికి మాత్రం చెప్పలేదు.

శనివారం ఆటోల మీద ఆటోలు దిగాయి. పట్టుచీరలు, మల్లెపూలు, చంకల్లో పిల్లలు. బుజ్జి మొహం వెలిగిపోయింది. కళ్లజోడు అబ్బాయిని ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, పక్కనే కూర్చుని లాప్‌టాప్ తెరిచి ఏదో చూపిస్తోంది. మావాళ్లు అది చూశారు. బొట్టు పెట్టి పిలిచారు, ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు, ఇక అడగాల్సిందేముంది? ఎదురింటామె దగ్గరికెళ్లి, "ఏమ్మా బుజ్జీ, నిశ్చితార్థానికి కూడా ఆ జీన్సు ప్యాంటేనా?" అంది. బుజ్జి నోరు తెరిచేలోపు ఓ పెద్దాయన అబ్బాయి తల మీద చెయ్యి పెట్టి దీవించి చేతిలో కవరు పెట్టాడు. ఆయన వెనక వరస కట్టారు. డబ్బు పెట్టడానికి వచ్చిన మనిషి ఒళ్లో కవర్లు పోగుపడ్డాయి. చదువుకున్న పిల్లాడు, ఒక్కొక్కరికీ "థాంక్యూ అండీ" అంటూనే ఉన్నాడు.

చివరికి నా వైపు తిరిగి, "అమ్మగారూ, వీళ్లంతా యాప్ చూసే వచ్చారాండీ?" అన్నాడు. బుజ్జి నా కళ్లలోకి చూసింది. నేను అబద్ధం ఆడటం కూడా ఆలస్యంగానైనా నేర్చుకుని ఉండాల్సింది. "ఫోను చూసి ఒక్కరూ రాలేదు బాబూ. నేను పిలిస్తే వచ్చారు. ఇప్పుడు వాళ్లు భోజనాలెక్కడా అని చూస్తున్నారు" అన్నాను.

మాస్టారి భార్య మహాతల్లి, పెద్ద గంగాళంలో పులిహోర కలిపింది. పిల్లలు గజ్జెలు కట్టారు. నిశ్చితార్థం కాదని తెలిశాక కూడా ఎవరూ లేవలేదు. పిలిచినందుకు పులిహోర దొరికింది, ఆట బాగుంది, ఇంకేం కావాలి? ఆటోవాళ్లు హారన్లు కొట్టి కొట్టి, చివరికి వాళ్లూ వచ్చి వెనక నిలబడ్డారు.

కళ్లజోడు అబ్బాయి రెండు విస్తళ్లు తిన్నాడు గానీ, మనిషికో విస్తరి ఖర్చయ్యే వ్యాపారంలో డబ్బు పెట్టలేనన్నాడు. బుజ్జి గది ఖాళీ చేసింది. వెళ్లేటప్పుడు బస్సెక్కి కిటికీలోంచి, "అసలు ఎందుకు పిలుస్తున్నావో వాళ్లకి చెప్పి ఉండాల్సింది కదత్తా!" అని నవ్వింది, కళ్లు తుడుచుకుంటూనే.

ఏమని చెప్పాలి? పెళ్లికి పిలవడం తెలుసు, దినానికి పిలవడం తెలుసు. ఊరికే, సరదాగా, చూడ్డానికి రమ్మని పిలవడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. దానికి మా వీధిలో మాట లేదు. ఆ అబ్బాయి నాకిచ్చిపోయిన కవర్లు తిరిగివ్వబోతే సగం మంది "ఉంచు వదినా, ఎప్పటికైనా అవుద్దిగా" అని తీసుకోలేదు. ఇప్పటికీ ఎదురింటామె, "మీ కళ్లజోడు అల్లుడు బాగున్నాడా?" అని అడుగుతుంది. మొదట్లో విడమరిచి చెప్పేదాన్ని. ఆఫీసు పని అంటూ బస్సుల్లో, భరిణె పట్టుకుని ఎండలో తిరిగిన అప్పటి నేనే తలపుకొచ్చి ముచ్చటేసి, ఈమధ్య ఇక చెప్పడం మానేశాను.

"బాగున్నాడు" అంటాను.