పెంకుల మీది పుంజు

ఆ కాలంలో మా ఎల్లారెడ్డి వైపు ఇంటికి చుట్టం వస్తే చేయవలసిన మర్యాద పెరట్లోనే తిరుగుతూ ఉండేది. కోడిని గింజలేసి పెంచడం, పట్టడం, ఈకలు పీకి పసుపు రాసి మంట మీద కాల్చడం, కూర వండడం అంతా ఇంటి ఆడవాళ్ల పనే. నేనేమో కామారెడ్డిలో పెద్ద వ్యవసాయదారుల ఇంట ఒక్కగానొక్క కూతురిగా పెరిగినదాన్ని. కోడితో నా పరిచయమంతా కంచంలోనే. అయినా కాపురానికి వచ్చిన కొత్తలో నాకు తెలియని విషయం ఒకటి ఉందంటే ఒప్పుకునేదాన్ని కాదు (ఇప్పుడు మాత్రం ఒప్పుకుంటున్నావా అని మా పిల్లలు అడుగుతారు, అది వేరే సంగతి).

పెళ్లయ్యాక మా బాపు మొదటిసారి నన్ను చూడడానికి వస్తున్నాడని కబురు వచ్చింది. గారాబంగా పెంచిన పిల్ల ఇల్లు నడుపుతుందో లేదోనని ఆయనకు ఒకటే బెంగ. అప్పటిదాకా నన్ను కూర కుండ దగ్గరికి రానివ్వని అత్తమ్మ కూడా ఆ రోజు పోచారంలో చుట్టాలను చూసి రావలసిన పని పడి, వంట నాకే అప్పగించింది. "ఎర్ర పుంజును కోయించి వండు. నేను మధ్యాహ్నంకల్ల వస్త. ఇగో, గూడు తెరువకముందే..."

"నాకెర్క లేదా అత్తమ్మా, మీరు పోయి రాండ్రి" అని ఆమె మాటను మధ్యలోనే తుంచేశాను. ఇల్లాలిగా నా పరువంతా ఇక ఆ పుంజు చేతిలో ఉంది.

పొద్దున్నే లేచి, రోజూలాగే గూడు తెరిచి కోళ్లను వదిలాను. ధనియాలు, ఎండుకొబ్బరి, గసాలు, ఎల్లిపాయ మెత్తగా నూరాను. ఇంతలో కబురు పెట్టిన సాయిబు కత్తితో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మా వైపు ఆయన చేత్తో కోయందే మా పెద్దలెవరూ మాంసం ముట్టేవారు కాదు.

"కోడేది బిడ్డా?"

"అగో, పెరట్ల తిరుగుతుంది."

"తిరుగుతుందా?" అని సాయిబు ఒకసారి కత్తి వైపు, ఒకసారి నా వైపు చూశాడు. "ఇడిసినంక పుంజు ఎవలికి దొర్కుతది బిడ్డా? గూట్లనే పట్టాలె గద!"

అత్తమ్మ మాటలో నేను తుంచేసిన సగం ఏమిటో అప్పుడు తెలిసింది. జొన్నలు చల్లి "బా బా బా" అని పిలిస్తే పెట్టలన్నీ వచ్చాయి, పుంజు తప్ప. గంప పట్టుకుని నేనొక వైపు, సాయిబు ఒక వైపు తరిమితే అది గోడెక్కి, గోడ మీంచి ఇంటి పెంకుల మీదికి ఎగిరి కూర్చుంది. సాయిబు ఆయాసపడుతూ "దొర్కినంక పిలువు, వస్త" అని వెళ్లిపోయాడు. ఆయన అటు వెళ్లాడో లేదో, బాపు బండి వాకిట్లో ఆగింది.

తలకు రుమాలు చుట్టుకుని దిగిన బాపు, కొంగు బిగించి గంపతో నిలబడ్డ నన్ను చూసి "ఏంది బిడ్డా గిది?" అన్నాడు.

"ఏం లేదు బాపు, కోళ్లకు గింజలేస్తున్న."

మొదటిసారి వచ్చిన తండ్రికి పప్పు పోస్తే కామారెడ్డిలో మా అత్తగారి ఇంటి మర్యాద ఏం కావాలి? వంటింట్లో వెతికితే తవుడు కుండలో గుడ్లు కనిపించాయి. వాటిని ఉడికించి, నూరిన కోడి మసాలా అంతా వాటికే పట్టించాను. బాపు జొన్నరొట్టెతో లొట్టలేస్తూ తింటుంటే సరిగ్గా ఆయన నెత్తి మీద పుంజు కూసింది.

"పుంజు మంచిగున్నది బిడ్డా" అన్నాడు బాపు పైకి చూసి.

"అవును బాపు, అత్తమ్మకు దాని మీద పానం" అన్నాను కళ్లు ఆర్పకుండా.

అప్పుడే అత్తమ్మ వచ్చింది. "చెల్లే, గుడ్లకూర గింత కమ్మగ నా జన్మల తినలేదు" అన్నాడు బాపు. ఆమె చూపు గుడ్లు ఖాళీ అయిన తవుడు కుండ మీద పడింది. నాకు అప్పుడు తట్టింది. బాగా పెట్టే పెట్ట గుడ్లను ఏరి, అమావాస్య పోయాక పొదగడానికి వేద్దామని ఆమె దాచుకున్నవవి. పొదుగు మీదున్న పెట్ట మూలన బుట్టలో గుర్రుమంటూనే ఉంది. అత్తమ్మ ఒక్క మాటంటే చాలు, బిడ్డ ఇల్లు నడిపే తీరేమిటో బాపుకు తెలిసిపోతుంది.

ఆమె కుండను చూసింది, పైన పుంజు కూత విన్నది, నా జుట్టులో చిక్కుకున్న ఎర్ర ఈకను చూసింది.

"కోడికూర ఎవలైన వండుతరు అన్నా. మా కోడలు గుడ్లు వండుతనన్నది" అని, నా వైపు తిరిగి, "బాపుకు ఇంకో గుడ్డు వెయ్యి" అన్నది.

బాపు బెంగ తీరి, సంతోషంగా బండెక్కాడు. బండి మలుపు తిరిగాక నేను తల దించుకుని నిలబడ్డాను. "తిట్టుండ్రి అత్తమ్మా" అన్నాను.

"అయ్య ముంగట బిడ్డను తిడ్తరానే?"

"బాపు పోయిండు గద."

"పోయినంక తిడితే ఏమొస్తది? గుడ్లు మల్ల పెడ్తయి" అని నా జుట్టులో ఈక తీసి, పకపకా నవ్వింది. నేను మాత్రం ఏడ్చేశాను. పుంజు పొద్దుగూకే వేళకు తనంతట తానే దిగి, ఏమీ ఎరగనట్టు గూట్లోకి నడిచింది.

మర్నాడు ఆమె నన్ను గూడు ముందు కూర్చోబెట్టి "చెయ్యి వెట్టి పట్టు" అన్నది. చీకటి గూట్లో తడిమి, రెక్కలు దొరకబుచ్చుకుని, "పట్టిన అవ్వా!" అని అరిచాను. కన్నతల్లిని తప్ప నేనెవరినీ అలా పిలిచి ఎరగను. ఆమె నా మొహంలోకి చూసి, "ఊఁ, గట్టిగ పట్టుకో" అన్నది. ఆమె ఉన్నన్నాళ్లూ ఇక వేరే పిలుపు నా నోట రాలేదు. అన్నీ నాకు తెలుసని తిరిగిన ఆ పిల్లకు ఆ ఒక్క పిలుపు మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది, పిచ్చిది.