ఆరు వైర్లకు మూడేసి బొట్లు

మా మామ లారీ ఏడాదికి ఒక్కరోజు నడుస్తుంది. ఆయుధపూజ నాడు నాలుగు నిమ్మకాయలను తొక్కి, నాలుగు గజాలు ముందుకు వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి షెడ్డులో పడుకుంటుంది. అది పెట్రోలుతో నడిచే పాతకాలపు బండి. ఒకప్పుడు మా తాత దాంట్లో సంగం నుంచి ధాన్యం తోలేవాడు. ఇప్పుడు ఇందుకూరుపేట అవతల, మామ రొయ్యల గుంటల పక్కన ఉంటోంది. లీటరుకు ఎంత దూరం వస్తుందని ఎవరైనా అడిగితే మామ వాళ్లకు మంచినీళ్లు ఇవ్వమని లోపలికి కేకేస్తాడు.

పోయిన దసరాకు అత్త గడువు పెట్టింది. రొయ్యల మేత బస్తాలు వరండాలో జల్లుకు తడుస్తున్నాయి. వాటికి షెడ్డు కావాలి.

"ఈ పండక్కి కదిలితే ఉండనీ. లేదంటే పాత ఇనుమాయనకు తూకానికి ఇచ్చేస్తా" అంది.

అప్పటికే ఆయనకు ఫోను చేసి, పండగనాడు పదకొండింటికి రమ్మని చెప్పిందని మాకు తర్వాత తెలిసింది.

పండగ ముందురోజు మామ ఇంజన్ను శుభ్రం చేయడానికి ప్లగ్గు వైర్లు ఆరూ పీకాడు. ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే నల్లమూత ఒకటి ఉంటుంది. ఆ మూతలోని ఏ గూటి నుంచి ఏ ప్లగ్గుకు వైరు వెళ్లాలో తప్పితే ఇంజన్ దగ్గుతుందే తప్ప నడవదు. అందుకని మామ కుంకుమతో గుర్తులు పెట్టుకున్నాడు. ఒకటో వైరుకు, దాని గూటికి ఒక బొట్టు. రెండోదానికి రెండు. అలా ఆరు దాకా. పెన్ను వాడొచ్చుగా అంటే, "పండగ పూట పెన్నేందిరా?" అన్నాడు.

తెల్లారి అత్త స్నానం చేసి వచ్చి, ఇంజన్ను తడిగుడ్డతో తుడిచి, పసుపు పూసి, ప్రతి వైరుకూ ప్రతి గూటికీ సమానంగా మూడేసి బొట్లు పెట్టింది. ఆరు వైర్లూ ఒకే పందిట్లో కూర్చున్న ఆరుగురు పెళ్లికూతుళ్లలా ఉన్నాయి. ఎవరు ఎవరికి కుదిరారో తెలియదు, అంతే.

"మేయ్, నా గుర్తులు యాడికి పోయినాయి?"

"ఏం గుర్తులు? ఒకదానికి ఒక బొట్టు, ఇంకోదానికి ఆరు. చూసేదానికి బాగలేదని సరిజేసినా."

పూజ చేసిన భార్యను ఏ మగాడు తిట్టగలడు? మామ బండి మెట్టు మీద కూలబడ్డాడు.

"అయిపాయె. నాయన బండి పోయినట్టే."

"బండి యాడికీ పోదులే మామా. అత్త బాధ కూడా అదే గదా" అన్నాను.

ఏ ప్లగ్గు తర్వాత ఏ ప్లగ్గుకు నిప్పు అందాలో ఆ వరస తనకు నిద్రలో లేపి అడిగినా వచ్చన్నాడు మామ. అడిగాను. ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు అన్నాడు. కాసేపాగి, కాదు, ఒకటి, నాలుగు, రెండు, ఆరు, మూడు, అయిదు అన్నాడు. టీ తాగాక మూడో వరస చెప్పాడు. మూడూ ఒకే నమ్మకంతో చెప్పాడు.

"తాతకెట్టా తెలిసేది మామా?"

"నాయన ఇంజన్ పైమూత తీసి వాల్వులు చూసేవోడు..." అంటూనే మామ లేచి స్పానర్ల కోసం వెళ్లాడు. ఈ మాట ముందే అనుంటే ఒక టీ మిగిలేది.

ప్లగ్గులు ఆరూ విప్పి పైమూత తీశాం. ఒక్కో సిలిండరుకు గాలి పీల్చే వాల్వు ఒకటి, పొగ వదిలే వాల్వు ఒకటి. పీల్చేవి ఏ వరసలో కిందికి దిగితే నిప్పు అందాల్సిందీ ఆ వరసలోనే. నేను ముందున్న హ్యాండిల్ తిప్పాలి, మామ చూసి చెప్పాలి. మామకు కళ్లజోడు కనబడలేదు. అది ఆయన తల మీదే ఉందని నేను చెప్పేలోపు, గారెల పిండి చేతులతో అత్త వచ్చి నిలబడింది.

"తిప్పు అబ్బయా, నేను జూస్తా."

"నువ్వు ఎవురి పార్టీ అత్తా?"

"నూనె కాగతా ఉండాది. తిప్పు."

వాల్వు దిగినప్పుడల్లా పిండి వేలితో షెడ్డు గోడ మీద అంకె వేసింది. ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు.

"నేను మొదట చెప్పింది ఇదే గదా!" అన్నాడు మామ.

"చెప్పినావు. తర్వాత రద్దు జేసినావు" అంది అత్త.

ఒకటో ప్లగ్గు బెజ్జం మీద మామ బొటనవేలు పెట్టాడు. నేను తిప్పుతుంటే లోపలి గాలి ఆ వేలిని తోసేసిన క్షణాన, నల్లమూత కింద తిరిగే ముల్లు ఏ గూటి వైపు ఉందో అది ఒకటో గూడు. పైమూత, ప్లగ్గులు బిగించి, ఆ గూటి నుంచి గడియారం తిరిగినట్టు గోడ మీది వరసలో వైర్లు తగిలించి, సెల్ఫ్ కొట్టాడు.

ఢామ్మంది. నల్లటి పొగ. గుంటగట్టు మీది కొంగలన్నీ లేచిపోయాయి. మామ స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

"నాయనా, నన్ను క్షమించు."

"తాతను తర్వాత పిలుద్దువులే. ముల్లు యా పక్కకు తిరగతాదో జూసినామా?" అన్నాను.

చూడలేదు. నల్లమూత తీసి హ్యాండిల్ తిప్పితే అది గడియారానికి ఎదురు, ఎడమకు తిరిగింది. వైర్లు అటు తిప్పి పెట్టాం. ఈసారి రెండు దగ్గులు దగ్గి, ఒళ్లంతా ఊపుకుంటూ, అందుకుంది. మామ ఏడుస్తున్నాడేమో అనుకున్నా, పొగ అన్నాడు.

నిమ్మకాయలు నలిగాయి. సరిగ్గా అప్పుడే పాత ఇనుమాయన ట్రాలీ ఆటోలో దిగాడు. మామ క్లచ్చు మీద కాలు అలాగే ఉంచి అత్త వైపు చూశాడు. అత్త ఆయనకు ఆకులో నాలుగు గారెలు పెట్టి ఇచ్చింది.

"ఇది అమ్మంలేన్నా. నడస్తా ఉండాది."

మామ ముఖం వెలిగింది. వెనక్కి గేరు వేయబోయాడు.

"యాడికి? నడస్తా ఉండాది గదా, ఆ రేకుల గోడ పక్కన నిలుపుకో. షెడ్డులో బస్తాలు పెట్టాల" అంది అత్త.

గారెలు తిన్న రుణానికి ఇనుమాయన కూడా రెండు బస్తాలు మోశాడు. సాయంత్రం మబ్బు పట్టింది. అన్నాళ్లూ వరండాలో బస్తాల మీద కప్పిన పట్టా తెచ్చి మామ లారీకి కట్టాడు. ఒక మూల గాలికి ఎగురుతుంటే అత్త వెళ్లి ముడి వేసి వచ్చింది.