అప్పలనాయుడి ఇంట్లో మా ఆదివారం వంతు

మా భజన మండలి అన్నదానాల్లో వంట చూసే అప్పలనాయుడు విశాఖపట్నంలో మా మందిరం ముందు షామియానా కడుతూ నిచ్చెన మీంచి పడిపోయాడు. వెన్నెముక దెబ్బతింది. ఆపరేషన్ అయినా నడుము కింద స్పర్శ రాలేదు. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపించాక, ప్రతి ఆదివారం మండలి నుంచి ఇద్దరేసి అతని ఊరు చోడవరం వెళ్ళి, అతని భార్య పైడితల్లికి ఆ ఒక్కరోజైనా విశ్రాంతి ఇవ్వాలనుకున్నాం. ఈసారి వంతు నాదీ, మూర్తిగారిదీ. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మూర్తిగారు మాతో భజన చేయించే ఆయన. ఎవరికి ఏ కష్టం వచ్చినా ఆయన దగ్గర ఒక పురాణకథ ఉంటుంది.

పొద్దున్న ఆరు దాటాక ఆర్టీసీ కాంప్లెక్సులో చోడవరం బస్సెక్కాం. నేరుగా వెళ్ళే బస్సు దొరక్కపోతే అనకాపల్లిలో మారవచ్చు. అనకాపల్లిలో బస్సు ఆగినప్పుడు ఇడ్లీ పొట్లాలు కొని సీట్లోనే తిన్నాం. అక్కడ ఎక్కి మా పక్కన కూర్చున్న మాడుగుల ఆవిడ, ఎవరింటికి వెళ్తున్నారని అడిగింది. చెప్పాం. ఆమె భర్త కూడా చాలాకాలం మంచం మీదే ఉన్నాడట.

"ఆయన్ని అందరూ పలకరిస్తారు బాబూ. ఆవిడ తిందో లేదో అడగండి," అంది.

ఆ తర్వాత దారి పొడుగునా చెరకు నరకడానికి మనుషులు దొరకడం లేదనే కబుర్లే చెప్పింది. చెరకు ట్రాక్టర్ల వెనక నెమ్మదిగా నడిచి, బస్సు తొమ్మిది కాకముందే చోడవరం చేరింది. వడ్డాది వైపు వెళ్ళే ఆటో ఎక్కి, ఊరు దాటగానే దిగాం. రోడ్డు పక్కనే నాయుడి రెండు గదుల డాబా.

నాయుడు సగానికి సగం తగ్గిపోయాడు. అయినా నవ్వుతూ మండలిలో అందరినీ పేరుపేరునా అడిగాడు. కాసేపటికోసారి పక్కకి తిప్పకపోతే వీపు పుళ్ళు పడుతుంది. పగలూ రాత్రీ ఆ పని పైడితల్లిదే. టీ తెచ్చిన ఆమెను, నువ్వు తిన్నావా అమ్మా అని అడిగాను. ఆమె గ్లాసులు కింద పెట్టి గోడకి ఆనుకుంది.

"ఆ రోజు ఈయనకి ఒంట్లో బాలేదు, ఎల్లొద్దన్నాను బాబూ. దేవుడి పని మానకూడదన్నాడు. దేవుడు సూస్తన్నాడంటారు కదా మీరందరూ. పడిపోతన్నప్పుడు ఎందుకు పట్టుకోలేదు?"

మూర్తిగారు ఏదో కథ మొదలుపెడతారని భయపడ్డాను. ఆయన టీ ముట్టుకోకుండా ఆమె వైపు తిరిగారు.

"నాకు తెలీదమ్మా. తెలిసినట్టు చెప్పలేను. నువ్వు తిని పడుకో. సాయంత్రం దాకా మేం చూస్తాం," అన్నారు.

పైడితల్లి చద్దన్నం తిని లోపలి గదిలో పడుకుంది. మంచం మీంచే నాయుడు మాకు చెయ్యి ఎక్కడ వెయ్యాలో, దుప్పటి ఎలా లాగాలో నేర్పాడు. మధ్యాహ్నం మేం తెచ్చుకున్న పులిహోర ముగ్గురం తిన్నాం. అప్పుడు నాయుడు గొంతు తగ్గించి అన్నాడు.

"సూడ్డానికొచ్చినోళ్ళందరూ పళ్ళిచ్చి ఎల్తన్నారు. నాకు పనెవులూ సెప్పట్లేదు సార్. బీరకాయలు తరగడానికి కాళ్ళతో పనేటి?"

వంటింట్లో బుట్టెడు బీరకాయలున్నాయి. వీల్‌చైర్ గోడవార మడిచి ఉంది. కూర్చోవచ్చని డాక్టరు చెప్పినా, మళ్ళీ పడతానేమోనన్న భయంతో అతను ఇన్నాళ్ళూ ఒప్పుకోలేదట. ఇద్దరం చెరోపక్కా పట్టి కూర్చోబెట్టాం. అంతలోనే కళ్ళు తిరిగి, ముఖం పాలిపోయింది. కంగారుగా తిరిగి పడుకోబెట్టాం. ఇవాళ్టికి చాలన్నారు మూర్తిగారు. కొంతసేపు కళ్ళు మూసుకుని ఉన్న నాయుడు, "మళ్ళీ పట్టండి," అన్నాడు.

రెండోసారి కూర్చోగలిగాడు. పడకుండా నడుముకి తువ్వాలు చుట్టి కుర్చీకి కట్టాం. కుర్చీ చేతుల మీద అడ్డంగా పీటచెక్క పెట్టి కత్తీ, బీరకాయలూ ఇచ్చాం. మొదటి కాయ ముక్కలు ఒక్కోటీ ఒక్కో సైజులో వచ్చాయి. మూడోదానికి కత్తి పాత వేగం అందుకుంది.

ఆ చప్పుడుకి పైడితల్లి లేచి వచ్చింది. గుమ్మంలో నిలబడిపోయింది. ఏడుస్తుందనుకున్నాను.

"అంత పెద్ద ముక్కలేటి? ఎవులు తింటారు?" అంది.

"వందమందికి తరిగిన సెయ్యే ఇది," అన్నాడు నాయుడు.

ఆమె అతని కాళ్ళ దగ్గర కూర్చుని, బుట్టలోంచి ఇంకో కాయ తీసి చెక్కు తీయసాగింది. వాళ్ళిద్దరి మధ్యా మాకిక పని లేదనిపించి, కాసేపు అరుగు మీద కూర్చున్నాం.

చీకటి పడకముందే తిరుగు బస్సు దొరికింది. అనకాపల్లి దాకా నిలబడే వచ్చాం. నాయుడు నడుస్తాడని ఏ డాక్టరూ చెప్పలేదు. మేమూ చెప్పి రాలేదు. ఓదార్చడానికి బయల్దేరినవాళ్ళం ఓదార్పు మాట ఒక్కటీ చెప్పకుండానే వస్తున్నాం. అయినా నా మనసు పొద్దుటికంటే తేలిగ్గా ఉంది.

సీటు దొరికాక మూర్తిగారు మండలికి ఫోన్ చేసి, వచ్చే అన్నదానానికి కూరగాయలు ముందురోజే చోడవరం పంపించాలన్నారు. అంత దూరం దేనికి, ఇక్కడే తరుక్కోవచ్చు కదా అని అటునుంచి అడిగినట్టున్నారు.

"తరుక్కోవచ్చు," అన్నారు మూర్తిగారు. "కానీ మన వంటాయన అక్కడున్నాడు."