నీళ్ళు మోసిన కారు

"వాన పడని జిల్లాలో కారు ఇట్ల కుళ్ళిపోవడం నేను యాడా చూడల్యా" అన్నాడు టింకరింగ్ సాయబు, మా కారు కిందికి దూరి అడుగు రేకును స్క్రూడ్రైవరుతో పొడుస్తూ. పొడిచిన చోటల్లా రేకు పొడిపొడిగా రాలింది. పక్కన మంచం మీదున్న మా నాయన తల వంచుకున్నాడు. సాయబు చెప్పింది నిజమే. మా అనంతపురం కార్లకు తుప్పు పట్టదని బెంగళూరు నుంచి వచ్చి మరీ కొనుక్కుపోతారు. మా కారు కుళ్ళడానికి మాత్రం వాన అక్కర్లేకపోయింది.

అది మా తాత గోరంట్లలో ఒక శనక్కాయల మిల్లు యజమాని దగ్గర కొన్న నల్ల కారు. కొన్ననాటికే పాతది. ముందర ఒకటే పొడుగాటి సీటు, కాళ్ళ కింద టేకు పలకలు, వాటి మీద నల్ల రబ్బరు పట్ట, తలుపులకు లోపలివైపు ఆకుపచ్చ రెక్సిన్ తొడిగిన అట్టలు. చిన్నప్పుడు ఆ రెక్సిన్ వాసన కోసమే నేను అందులో ఎక్కి కూర్చునేదాన్ని.

మా చీనీ బత్తాయి తోటలో బోరు ఎండిపోయిన ఏడాది నాయన వెనక సీటు పీకేసి డ్రమ్ములు పెట్టాడు. తడికి ఉబ్బుతున్నాయని పలకలు పీకాడు, అట్టలూ పీకాడు. ముందర సీటులో తన పక్కన బిందెలు. పక్క ఊరి లోతు బోరు నుంచి ఎండాకాలమంతా చెట్లకు నీళ్ళు మోశాడు. తర్వాతి ఎండాకాలమూ మోశాడు. ఆ నీళ్ళే మేమూ తాగాం. అమ్మకు కారులో చోటు లేదు, వెనకాల నడిచి వచ్చేది. అంత చేసినా చెట్లు బతకలేదు. కారు అడుగు కుళ్ళింది. ఆ నీళ్ళలోని ఫ్లోరైడు నాయన మోకాళ్ళలో చేరింది.

ఇంజను మాత్రం నాయన ఎన్నడూ చెడిపోనివ్వలేదు. ఆయనకు ఒకటే కోరిక. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, తనే నడుపుతూ లేపాక్షికి పోవాలి. పెళ్ళయిన కొత్తలో ఇచ్చిన మాటట. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, కాళ్ళు ఇంకా బిగుసుకోవడమే గానీ వంగడం ఉండదు, ఏదైనా ఉంటే తొందరగా చేసుకోండి అన్నాడు. అప్పటికింకా మోకాలు సగం వంగేది.

నేను ధర్మవరంలో జాకెట్లు కుట్టుకుని బతికే మనిషిని, నాకు ఓపిక తక్కువ. "అడుగుకు కొత్త రేకు కొట్టించి, మీద ఏదో ఒక మ్యాటు పరిపిద్దాం నాయనా. వచ్చే నెల లేపాక్షికి పోయి రాండి" అన్నాను.

"ఏదో ఒకటి ఎట్లమ్మా? పీకినోణ్ణి నేను. ఆ పలకలే పడల్ల, ఆ అట్టలే పడల్ల."

"నీ పలకల కోసం నీ మోకాళ్ళు ఆగుతాయా?" అని అరిచాను.

"చెడగొట్టేటప్పుడు మీ అమ్మను ఒక్క మాట అడగల్యా. బాగు చేసేటప్పుడన్నా సరిగ్గా చేయనీ."

నాకు ఒళ్ళు మండింది. కానీ మా నాయన మొండికేస్తే దేవుడు దిగొచ్చినా అంతే. పీకినవన్నీ ఊరందరికీ ఉత్తపుణ్యానికి పంచిన ఉదారుడు, ఎవరికి ఏదిచ్చాడో మాత్రం మర్చిపోలేదు. చెప్పులరిగేలా తిరిగింది నేను. రబ్బరు పట్ట గొర్రెల దొడ్డిలో దొరికింది. ఎంత కడిగినా గొర్రె వాసన పోలేదు. ఒక తలుపు అట్ట కోళ్ళ గూటికి అడ్డంగా ఉంది. టేకు పలకలు మా ఎండిన బోరు గుంత మీదే ఉన్నాయి, పిల్లలు పడకుండా మూతగా వేసినవి. వాటి బదులు ఒక బండ దొర్లించి, పలకలు తెచ్చాం. దొరకని అట్టలు వడ్రంగితో కోయించాను. రెక్సిన్ ముక్కలు తెచ్చి చూపిస్తే, నాయన వేలితో రుద్ది చూసి "ఇది కాదు" అనేవాడు. కాదు, కాదు, కాదు. చివరికి ఒకటి ఔనన్నాడు. నా మిషను సూదులు విరుగుతూ ఉండగా వాటిని కుట్టాను, కుడుతున్నంతసేపూ ఆయన్ను తిట్టాను.

పని ముందుకు పోతున్న కొద్దీ కాళ్ళు బిగుసుకున్నాయి. మొదట్లో నాయన మంచం అంచున కూర్చుని పలకలకు నూనె పట్టించేవాడు. కొన్నాళ్ళకు అట్లా కూర్చోలేక, నేల మీద కాళ్ళు చాపుకుని పట్టించేవాడు. నేను చూడనట్టు ఉండేదాన్ని. ఏమని చెప్పాలి?

కారు సిద్ధమైన రోజు అమ్మ పట్టుచీర కట్టుకుంది. దారిలో తినడానికి చిత్రాన్నం కట్టింది. నేనూ సాయబూ నాయనను చెరో పక్క పట్టుకుని లేపాం. సీటుకూ స్టీరింగుకూ మధ్య కాలు పోలేదు. అటు తిప్పాం, ఇటు తిప్పాం. నాయన పళ్ళు బిగబట్టాడు తప్ప అబ్బా అనలేదు.

"సీటు యెనక్కి జరిపినా పట్టవన్నా, కాళ్ళు కర్రలైపోయిండాయి" అన్నాడు సాయబు.

నాయన "సీటు తీసెయ్" అన్నాడు.

బోల్టులు ఊడదీసి సీటు బయట పెట్టాం. ఆయన్ను ఎత్తి, ఆయనే నూనె పట్టించిన పలకల మీద కాళ్ళు చాపి కూర్చోబెట్టాం. స్టీరింగు ఆయన నెత్తి ఎత్తున ఉంది. చేతులు పైకి చాపి పట్టుకున్నాడు.

"రోడ్డు కనపళ్ళేదే" అన్నాడు.

నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇంతకాలం ఎందుకు సతాయించావు నాయనా అని అక్కడే, సాయబు ముందరే ఏడ్చాను. అమ్మ నన్ను పట్టించుకోలేదు. అటువైపు తలుపు తెరిచి, కొంగు దోపుకుని, ఆయన పక్కన పలకల మీద కూర్చుంది.

"నాకూ కనపళ్ళేదు" అంది. తర్వాత నావైపు చూసి, "తలుపు ఎయ్ పాపా" అంది.

రెండు తలుపులూ వేశాను. సాయబు అటు తిరిగి నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకుని రోడ్డు మీదికి వచ్చి చూస్తే, కారులో మనుషులు కనిపించలేదు. స్టీరింగు పట్టుకున్న రెండు చేతులు మాత్రం కనిపించాయి.