మిర్చి ఘాటులో వచ్చిన మిక్సీ

ఆ రోజుల్లో మా గుంటూరులో క్రెడిట్ కార్డున్న మనిషికి ఒక లెక్కుండేది. నాకైతే అది జేబులో ఉంటే నడకే మారిపోయేది. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేరిన కొత్త, పెళ్లయిన కొత్త. బ్రాడీపేటలో టై కట్టుకున్న బ్యాంకు కుర్రాడొకడు నన్ను పట్టుకుని, "మూడు నెలలు బాగా వాడండి సార్, బోనస్ పాయింట్లొస్తాయి, వాటితో మిక్సీ ఫ్రీ!" అన్నాడు. అప్పటిదాకా మా ఆవిడ పచ్చళ్లన్నీ రోట్లోనే నూరేది. ఆ సాయంత్రమే ఆవిడకి మాటిచ్చేశాను. ఆవిడ వీధంతా చెప్పేసింది. ఎదురింటి పిన్నిగారు, "ఏం నాయనా, మిక్సీ వచ్చిందా?" అని రోజూ అడిగేవారు.

మూడు నెలలు కొట్లోవాళ్ల బళ్లకి కూడా నా కార్డు మీదే పెట్రోలు పోయించాను. (డబ్బులు వాళ్ల దగ్గర వసూలు చేశాననుకోండి.) బోనస్ మాత్రం రాలేదు. బ్యాంకుకి ఎప్పుడు ఫోన్ చేసినా "అలాంటి ఆఫర్ లేదు సార్" అనేవాళ్లు. ఇంటికెళ్లాలంటే మొహం చెల్లేది కాదు.

చివరికి ఒక మధ్యాహ్నం కొట్లోంచే చేశాను. కస్టమర్ కేర్ అమ్మాయి మహా మర్యాదగా, "సిస్టమ్‌లో కనిపించట్లేదు సార్" అంటోంది. "మీవాడే చెప్పాడు మేడమ్, నేను మా ఆవిడకి..." అంటుండగా నా వెనకాల హమాలీలు మిరపకాయల బస్తాలు విప్పి కుమ్మరించారు. ఘాటు గుప్పుమంది. గొంతు పట్టేసింది. కళ్లమ్మట, ముక్కమ్మట నీళ్లు.

"మా ఆవిడ... మేడమ్... మా ఆవిడ..."

"సార్, ఏడుస్తున్నారా?"

"కా... కాదండీ... మిర..."

"అయ్యో, ఏడవకండి సార్! మేడమ్‌కి ఏమైంది?"

"రోలు..." అన్నాను. అంతకుమించి మాట పెగల్లేదు.

"రోలు మీద పడిందా సార్?" అని కంగారుగా వాళ్ల సూపర్‌వైజర్‌ని పిలిచింది. ఆయన గొంతు బొంగురు. "ధైర్యంగా ఉండండి సార్. కనుక్కున్నాను, మీ ఊళ్లో ఆ ఆఫర్ ఇచ్చిన మాట నిజమే. మావాళ్లే పాయింట్లు ఎక్కించలేదు. ఇప్పుడే వేశాను."

నీళ్లు తాగి ఊపిరి తీసుకున్నాను. "మా ఆవిడ నిక్షేపంలా ఉంది సార్! ఇది మిరపకాయల ఘాటు!"

 ఫోన్లో అటు ఇద్దరూ పగలబడి నవ్వారు. ఎర్రటి కళ్లతో గెంతుతున్న నన్ను చూసి మా షావుకారు, "ఏరా, ఎవరు పోయారు?" అని పరిగెత్తుకొచ్చారు. "ఎవరూ పోలేదండీ, మిక్సీ వచ్చింది!" అని ఆయన్ని కావిలించుకున్నాను.

మిక్సీ ఇంటికొచ్చిన రోజు మా ఆవిడ పల్లీలు, శనగపప్పు, కొబ్బరి, ఇంట్లో ఏముంటే అవన్నీ పొడి చేసేసింది. అన్నంలో ఏది కలుపుకోవాలో తెలియక ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. ఇప్పుడు నా ఫోన్లో ఏవో పాయింట్లు వచ్చిపడుతుంటాయి, గడువు దాటి పోతుంటాయి. నేను చూడను కూడా చూడను. ఆ వయసులో ఒక్క మిక్సీకి నేను వేసిన గెంతులు గుర్తొస్తే మాత్రం, అప్పటి నా మీద నాకే కాస్త అసూయగా ఉంటుంది.