కిందింటాయన పూసిన సిమెంటు

నా చిన్నప్పుడు, తెలుగూ హిందీ కలిసి వినిపించే దీవిలో, మిన్నీ బే అనే చోట మా ఇల్లు కొండవాలు మీద ఉండేది. మట్టి జారిపోకుండా మా తాతయ్య మెట్లుమెట్లుగా రాతిగోడలు కట్టి, వాటి మీద కంద, పసుపు, తమలపాకు తీగలు పెంచేవారు. ఆ గోడల్లో సిమెంటు ఉండదు. రాయి మీద రాయి, కొండవైపు కాస్త వాలేలా పేర్చడమే. వానాకాలం రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారిపోయేవి. అన్నిటికన్నా అడుగు గోడ కిందే కిందింటాయన వంటిల్లు. ఆ నీళ్ళు అతని వాకిట్లో పడేవి. రెండిళ్ళ పగకూ అదే మొదలు.

"చాచా, నీ కీచడ్ అంతా, ఈ బురదంతా నా నెత్తిన పోస్తావేటి? దీన్ని గోడంటారా? నిండా చిల్లులే!" అని వాన పడ్డ ప్రతిసారీ అరిచేవాడు. ఒకరోజు మేము గుడికి వెళ్ళి వచ్చేసరికి తనవైపు సందులన్నిటికీ సిమెంటు పూసేశాడు. నీళ్ళు ఆపితే గోడ ఆగదని తాతయ్య చెప్పబోతే మొహం మీదే తలుపు వేశాడు.

నా చదువంతా ఇంట్లోనే. ముసురు పట్టిన ఒక పొద్దున నానమ్మ దగ్గర ఎక్కాలు అప్పజెబుతుంటే, తాతయ్య తడుస్తూ వచ్చి గోడ ఉబ్బిందన్నారు.

"పడనీ. అప్పుడొస్తాది ఆడికి బుద్ధి" అంది నానమ్మ.

"మన మాట నెగ్గడానికి ఆడి వంటిల్లు కూలాలేటి?" అంటూ తాతయ్య గునపం అందుకున్నారు.

మా వాకిట్లోంచి నేను చూస్తూనే ఉన్నాను. తాతయ్య కిందింటి వాకిట్లోకి దిగి, ఉబ్బిన గోడకు ఎదురుగా నిలబడి సిమెంటు పొడుస్తుంటే, కిందింటాయన వచ్చి గునపం పట్టుకు లాగాడు.

"మేరా ఘర్ తోడేగా క్యా? నా ఇల్లు కూల్చేస్తావేటి, ముసలోడా!"

"తరవాత తిడుదువు గాని, ముందు పొయ్యికాణ్ణించి మీయమ్మని ఇవతలికి తే!"

అతని చేయి వదులైంది. లోపలికి పరిగెత్తాడు. పొడిచినకొద్దీ ఎర్రనీళ్ళు తాతయ్య గుండెల మీదకు చిమ్మాయి. గోడ నిలిచింది.

ఇక దండం పెడతాడనుకున్నాను. తల్లిని వసారాలో కూర్చోబెట్టి వచ్చి, వాకిలంతా బురద చేశావని మళ్ళీ తిట్టాడు. ఆ తరవాత కూడా మాతో మాట్లాడలేదు. నా పెళ్ళికి పిలిచినా రాలేదు. తాతయ్య మాత్రం ఆ పూట స్నానం చేసి, ఎప్పటిలాగే దేవుడి దగ్గర దీపం పెట్టారు.

ఈ వయసులోనూ, నా మాట వినని వాళ్ళకు దెబ్బ తగలబోతుంటే, చెప్పానా లేదా అన్నట్టు కూర్చుని చూడాలనిపిస్తుంది. అప్పుడు ఆ తాతయ్య ఇంట పుట్టించినందుకు దేవుడికి మనసులోనే దండం పెట్టుకుని లేస్తాను. తిడతారని తెలిసీ వెళ్తాను.