ఆదివారం రాలిన ఆకులు

మా వీధిలో మార్విన్ బోర్స్మా పచ్చిక అంటే ఒక లెక్క. డెబ్బై నాలుగేళ్ల మనిషి, నలభై ఏళ్లు బడి బస్సు నడిపాడు, మా చర్చిలో సంఘపెద్ద. బస్సులో పిల్లలు తిన్నగా కూర్చోవాలి, ఇంటి ముందు గడ్డి తిన్నగా నిలబడాలి. అక్టోబరు వచ్చిందంటే రోజూ భోజనం కాగానే బయటికి వస్తాడు. ఆకులు పలచగా పడితే గడ్డి కోసే మెషీను తిప్పి, పొడి చేసి అక్కడే వదిలేస్తాడు, నేలకు బలమని. మందంగా పడితే పాత దుప్పటి మీదికి లాగి రోడ్డు వారకు ఈడ్చుకుపోతాడు. సోమవారం పొద్దున్నే ఊరి లారీ వచ్చి గొట్టంతో పీల్చుకుపోతుంది. ఇదంతా మా వంటింటి కిటికీలోంచి బాగా కనబడుతుంది.

పోయినేడు తుంటి ఆపరేషనై మంచం మీద ఉన్నాడు. ఆకులు తీసే దిక్కు లేక అలాగే మంచు కిందికి పోయాయి. మార్చిలో మంచు కరిగి చూస్తే కింద గడ్డంతా బూజు పట్టి, తడిసిన అట్టముక్కలా పడి ఉంది. మార్విన్ ఏడ్చినంత పని చేశాడు. ఆగస్టు చివర్లో కొత్త విత్తనం చల్లి, చంటిపిల్లను సాకినట్టు సాకాడు. ఎందుకంటే వచ్చే మే నెలకు వాళ్ల పెళ్లయి యాభై ఏళ్లు. భార్య ట్రీనా ఇన్నేళ్లలో నోరు తెరిచి అడిగింది ఒక్కటే, ఆ రోజు అందరినీ పిలిచి ఆ గడ్డి మీద బల్లలు వేసి కాఫీ పోయాలని. సరేనని మాటిచ్చాడు.

పక్కింటి ఎల్మర్ వీన్‌స్ట్రా ఇంటి ముందు జింకో చెట్టుంది. మిగతా చెట్లు నెలరోజులు తీరిగ్గా రాలుస్తాయి. ఇది గట్టి చలి పడ్డ మర్నాడు పొద్దున ఒక్క గంటలో ఒళ్లంతా దులిపేస్తుంది. ఈ ఏడు ఆ ముహూర్తం ఆదివారం పెట్టుకుంది. మేమంతా చర్చిలో పిప్పరమెంట్లు చప్పరిస్తూ ప్రసంగం వింటున్నాం. తిరిగి వచ్చేసరికి మార్విన్ లేతగడ్డి కనబడలేదు. చీలమండ లోతున పసుపు ఆకులు. పైగా రేడియోలో సాయంత్రం నుంచి పెద్ద మంచు అంటున్నారు. పడిందంటే మార్చి దాకా కదలదు.

మిషిగన్‌లో మా డచ్చివాళ్ల ఊళ్లో ఆదివారం దేవుడి రోజని ఎవరూ పని చేయరు. బంగాళాదుంపలు కూడా శనివారమే చెక్కు తీసి నీళ్లలో వేసుకుంటాం. ఆదివారం ఆకులు లాగిన మనిషి మా సంఘంలో ఒక్కడే, ఇరవై రెండేళ్ల కిందట, ఈ ఎల్మరే. అప్పుడు మార్విన్ ఇంకో సంఘపెద్దను వెంటబెట్టుకుని వెళ్లి, వాళ్ల ముందుగదిలో కూర్చుని గంటసేపు మందలించి వచ్చాడు. ఆ పై వారం నుంచి ఎల్మర్ అవతలి వీధి చర్చికి మారిపోయాడు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర జరిగింది ట్రీనా తర్వాత నాకు చెప్పింది.

"పోయి తీసెయ్యరాదూ, దేవుడేమీ అనుకోడులే" అన్నదట.

"దేవుడితో చిక్కు లేదే. ఎదురింటి విల్మా ఉంది కదా!"

ఆ విల్మాను నేనే. కోపం రావాలి గానీ నవ్వొచ్చింది.

రెండు గంటలకు మార్విన్ చర్చికి వేసుకున్న నల్లకోటుతోనే బయటికొచ్చాడు. కాళ్లకు మాత్రం తోటపనికి వాడే వెడల్పాటి చెక్కబూట్లు. చేతులు వెనక్కి కట్టుకుని, ఆకాశం చూస్తూ, కాళ్లు ఎత్తకుండా ఈడ్చుకుంటూ ఆకులను ముందుకు తోసుకుంటూ ఆ కొస నుంచి ఈ కొసకు నడక మొదలెట్టాడు. ఆదివారం నడిస్తే తప్పు కాదు మరి. నేను కిటికీ కొంచెం తెరిచాను.

ఎల్మర్ కాఫీ కప్పుతో వచ్చి తన మెట్ల మీద కూర్చున్నాడు.

"ఏం పెద్దాయనా, షికారా?"

"షికారే. డాక్టరు నడవమన్నాడు."

"కాళ్లు ఎత్తొద్దని కూడా అన్నాడా?"

మార్విన్ ఇంకో రెండుసార్లు తిరిగాడు.

"నీ షికారు బాగానే ఉంది గానీ, ఒకసారి వెనక్కి చూసుకో."

చూసుకున్నాడు. బూట్లు ఈడ్చిన దారిలో లేతగడ్డి వేళ్లతో సహా లేచొచ్చి ఆకుల్లో కలిసిపోయింది. మార్విన్ ఉన్నచోటే నిలబడిపోయాడు. నిజం చెప్పొద్దూ, నాకు జాలేసింది.

ఎల్మర్ షెడ్డులోకి వెళ్లి వెదురు పళ్ల దంతె తెచ్చి కంచె మీదుగా చాచాడు. "లేతగడ్డికి ఇదే మంచిది. పైపైన లాగు. చెడింది రెండు చారలేగా, ఏప్రిల్లో మళ్లీ చల్లుకోవచ్చు."

"ఆదివారం కదా, ఎల్మర్."

"తెలుసు. గంటసేపు నువ్వేగా చెప్పావు."

ఫోను నా చేతిలోకి ఎప్పుడొచ్చిందో నాకే తెలీదు. పాస్టరుగారి భార్య నంబరు సగం నొక్కేశాను కూడా.

మార్విన్ దంతె అందుకోలేదు. టోపీ తీశాడు. "ఆ రోజు ఎందుకు లాగావు నువ్వు?"

"ఇప్పుడా అడిగేది?"

"అప్పుడే అడగాల్సింది. అడగలేదు."

ఎల్మర్ చెట్టు వైపు తిరిగాడు. "మర్నాడు పొద్దున జోన్‌ను ఆసుపత్రి నుంచి తెస్తున్నా. చక్రాల కుర్చీ. తడి ఆకుల మీద జారుతుందేమోనని భయమేసింది. అంతే."

జోన్ అతని భార్య. ఆ ఏడు క్రిస్మస్ చూడలేదు.

"తప్పు నాది" అన్నాడు మార్విన్, వీధంతా వినబడేలా. చెక్కబూట్లు విప్పేసి, ఆ గడ్డకట్టే చలిలో మేజోళ్లతోనే నిలబడి, దంతె అందుకుని ఆకులు లాగడం మొదలెట్టాడు. ఆదివారం, పట్టపగలు, మా సంఘపెద్ద.

నేను ఫోను పెట్టేశాను. అలమరలోంచి పాత దుప్పటి తీసుకుని రోడ్డు దాటాను.

"రా విల్మా" అన్నాడు ఎల్మర్. "కిటికీలోంచి అంతా కనబడిందా?"

"ఇరవై రెండేళ్ల కిందట కూడా కనబడింది, ఎల్మర్. ఆ రోజు మార్విన్‌కి ఫోన్ చేసి చెప్పింది నేనే."

"తెలుసు. ఈ వీధిలో అంత శుభ్రంగా తుడిచే కిటికీ ఇంకెవరింట్లో ఉంది? దుప్పటి ఆ కొస పట్టుకో, మంచు వచ్చేస్తోంది."